యుఫోరియా: ఆ రాత్రి చెరువు దగ్గర జూల్స్ ఎవరిని పోగొట్టుకుంది?

వేపచెట్టు:
మేము న్యూజెర్సీలో ఉంటాం. మా అమ్మాయికి పదహారు నిండి రెండు నెలలైంది. 'యుఫోరియా' అనే అమెరికన్ టీవీ సీరియల్ గురించి "స్కూల్లో అందరూ చూశారమ్మా, నేనొక్కదాన్నే మిగిలాను. నీతో కలిసి చూస్తాను" అని అడిగింది. నాకు తెలియకుండా చూడడం కన్నా నా పక్కన కూర్చుని చూడడమే మేలనుకుని ఒప్పుకున్నాను. ప్రతి భాగాన్నీ ముందు నేనొక్కదాన్నే చూసి, దాటించవలసిన దృశ్యాలు కాగితం మీద రాసుకున్నాను.

కథలో మత్తుకు బానిసైన ప్రధాన పాత్ర రూ మాత్రలు మింగడం, ఓవర్‌డోస్‌లో పడి ఉండడం, అక్క అలా పడి ఉంటే చెల్లెలు జియా చూడడం, వీటన్నిటినీ తట్టుకుంది. మొదటి సీజన్ నాలుగో భాగంలో మాత్రం కూలిపోయింది. చూడనివారి కోసం చెబుతాను. ఊరికి కొత్తగా వచ్చిన జూల్స్‌కు ఒక డేటింగ్ యాప్‌లో 'టైలర్' అనే అబ్బాయి పరిచయమవుతాడు. రాత్రంతా మాటలే మాటలు. తను ట్రాన్స్ అమ్మాయి అని తెలిసీ అతను మర్యాదగా, ఆప్యాయంగా రాస్తాడు. కార్నివాల్ జరిగిన రాత్రి చెరువు ఒడ్డున కలుద్దామనుకుంటారు. చీకట్లోంచి వచ్చినవాడు నేట్. అదే స్కూల్లో చదివే, జూల్స్ అంటే పడని నేట్. ఇన్నాళ్ళూ ఆ మాటలు రాసింది అతనే.

మా అమ్మాయి లేచి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. గంట తర్వాత వెళ్ళి అడిగితే "నీకు అర్థం కాదమ్మా" అంది. ఓవర్‌డోస్ చూసి రాని ఏడుపు దీనికెందుకు వచ్చింది? చూసినవారు ఎవరైనా చెప్పగలరా?

నిర్వాహకులు:
ఈ చర్చ మొదటి రెండు సీజన్లకూ, మధ్యలో వచ్చిన రెండు ప్రత్యేక భాగాలకూ పరిమితం. మూడో సీజన్ విషయాలు ఇక్కడ రాయవద్దు. పాత్రలు మైనర్లు కాబట్టి శారీరక దృశ్యాల వర్ణన కూడా వద్దు.

రీలు_పెట్టె:
వేపచెట్టు గారూ, మీ ప్రశ్నకు నా దగ్గర సూటి జవాబు లేదు. కానీ ఈ సీరియల్ మీద నాకు ఎప్పటి నుంచో ఒక ఫిర్యాదు ఉంది. 2019 జూన్‌లో హెచ్‌బీఓలో మొదలైన రోజు నుంచి చూస్తున్నాను. రూపకర్త శామ్ లెవిన్సన్. 2012లో వచ్చిన ఇజ్రాయెల్ సీరియల్ దీనికి మూలం. మత్తుకు బానిసైన తన కుర్రతనాన్ని లెవిన్సన్ ఇందులో పోశాడు, ఆ సంగతి ఆయనే చెప్పాడు. నిజాయితీ విషయంలో నాకు సందేహం లేదు.

సందేహమంతా కెమెరా మీద. మార్సెల్ రేవ్ ఛాయాగ్రహణం అద్భుతం. రెండో సీజన్‌ను కోడాక్ ఎక్టాక్రోమ్ ఫిల్మ్ మీద తీశారు. ఆ రంగులు పాత ఫోటో ఆల్బమ్ తెరిచినట్టు ఉంటాయి. ఆ అందమే నన్ను కలవరపెడుతుంది. ఊదా వెలుగు, కళ్ళ కింద మెరుపులు, ల్యాబ్రింత్ సంగీతం. పదహారేళ్ళ పిల్లలు ఆ మెరుపులు అద్దుకుని ఫోటోలు దిగారు. రూ చెంపల మీద మెరుస్తున్నది కన్నీళ్ళ గుర్తు అని ఎంతమంది గమనించారు? 2022 జనవరిలో అమెరికాలో మత్తుమందుల నివారణ సంస్థ డేర్ కూడా ఇది మత్తును ఆకర్షణీయంగా చూపిస్తోందని విమర్శించింది. అంతదాకా నేను వెళ్ళను. విమర్శలో కొంత నిజముందని మాత్రం అంటాను.

ఇంకొకటి. మొదటి సీజన్ వచ్చేనాటికి రూ పాత్ర వేసిన జెండయాకు 22 ఏళ్ళు, జూల్స్ పాత్ర వేసిన హంటర్ షేఫర్‌కు 20. ఆ దృశ్యాల్లో పెద్దవాళ్ళు నటించడమే సరైన పద్ధతి, అందులో రెండో మాట లేదు. అయితే తెర మీద 'పదిహేడేళ్ళు' అని చెప్పి ఇరవై రెండేళ్ళ శరీరాలను చూపిస్తే, నిజంగా పదిహేడేళ్ళున్న పిల్ల అద్దంలో తనను తాను ఎలా చూసుకుంటుంది?

రాత్రి_పాళీ:
నేను డీ-అడిక్షన్ వార్డులో స్టాఫ్ నర్సును. రీలు_పెట్టె గారూ, మీరు రంగుల గురించి అన్నది నిజమే. కానీ రెండో సీజన్ ఐదో భాగాన్ని ఆ లెక్కలో వేయకండి. రూ సూట్‌కేసులో దాచిన మత్తు సరుకు సంగతి జూల్స్, స్నేహితుడు ఎలియట్ కలిసి రూ తల్లికి చెప్పేస్తారు. సూట్‌కేసు ఖాళీ అయిందని తెలియగానే రూ ఇల్లంతా పీకి పందిరి వేస్తుంది, తలుపులు బద్దలు కొడుతుంది, కన్నతల్లిని నోటికి రాని మాటలంటుంది. అక్కడ మెరుపులు లేవు, అందమైన వెలుగు లేదు. చెమట, ముక్కు కారడం, వణుకు, కడుపులో మెలితిప్పే నొప్పి. ఓపియాయిడ్లు, అంటే మార్ఫిన్ జాతి మత్తుమందులు, ఒక్కసారిగా ఆగిపోతే శరీరం ఎలా తిరగబడుతుందో మా వార్డులో వారానికోసారైనా చూస్తాను. ఆవలింతలు ఆగవు, ఒళ్ళంతా గగుర్పాటు, కాళ్ళు కుదురుగా ఉండవు. ఆ భాగం చూసిన రోజు డ్యూటీ చేసి వచ్చినంత అలసిపోయాను.

ఇంట్లోవాళ్ళకు నేను మొదట చెప్పే సంగతి ఒకటుంది. ఆ పూట బిడ్డ నోటి నుంచి వచ్చే మాటలు మీ మనసు మీద రాసుకోవద్దు, కానీ మరచిపోయినట్టు నటించనూ వద్దు. రూ తల్లి లెస్లీ సరిగ్గా ఆ రెండింటి మధ్య నలిగిపోతుంది.

మరో విషయం. రూకు మత్తు వీధిలో దొరకలేదు, ఇంట్లో దొరికింది. క్యాన్సర్‌తో మంచాన ఉన్న తండ్రికి సేవ చేస్తూ ఆయన నొప్పి మాత్రల రుచి మరిగింది. మనం ఔషధాన్నీ మందే అంటాం, సారానూ మందే అంటాం. ఆ రెండూ ఒకే డబ్బాలో ఉండగలవని ఈ కథ చూపించింది. ఇంట్లో పెద్దవారికి అలాంటి మాత్రలు రాసినప్పుడు లెక్కపెట్టి తాళం వేసిన బీరువాలో పెట్టండి. వాడగా మిగిలినవి ఇంట్లో ఉంచకండి.

చిన్నది:
నేను ఇక్కడ ఎప్పుడూ రాయలేదు. ఐదో భాగం మాట వచ్చింది కాబట్టి రాస్తున్నాను.

అందరూ రూ గురించి మాట్లాడతారు. నేను జియానే చూస్తాను. మా అన్నయ్య అలా ఉన్న మూడేళ్ళు ఇంట్లో నా పని ఏమిటో నాకు తెలిసేది కాదు. మార్కులు బాగా తెచ్చుకోవడం, ఏమీ అడగకపోవడం, అంతే. అన్నయ్య నవ్వితే ఆ రోజు మంచిది. జియా అక్క ముఖంలోకి చూసే చూపు ఉంటుంది కదా, "ఈ రోజు నువ్వు నువ్వేనా?" అని వెతికే చూపు. అది నటన అని నాకు ఎప్పుడూ అనిపించలేదు. జియాగా వేసిన స్టార్మ్ రీడ్ అప్పటికి ఇంకా టీనేజీలోనే ఉంది.

అన్నయ్య ఇప్పుడు బాగున్నాడు. నేను మాత్రం ఇప్పటికీ ఎవరి ముఖమైనా అలాగే వెతుకుతాను.

రాత్రి_పాళీ:
చిన్నది, నీ మాట మా వార్డులో ప్రతి అక్కకూ చెల్లికీ వినిపించాలని ఉంది. నీ కోసం కూడా ఎవరితోనైనా మాట్లాడు తల్లీ. రోగి తరఫున వచ్చిన వాళ్ళకూ కౌన్సెలింగ్ ఉంటుంది, చాలామందికి ఆ సంగతి తెలియదు. మన ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలీ మానస్ 14416కు ఎప్పుడైనా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

బడిగంట:
నేను హైస్కూలు ఉపాధ్యాయినిని. వేపచెట్టు గారి ప్రశ్న పక్కకు పోతోంది, వెనక్కి తీసుకొస్తాను.

2025 మార్చిలో నెట్‌ఫ్లిక్స్‌లో 'అడాలసెన్స్' వచ్చింది. బ్రిటన్ కథ, నాలుగే భాగాలు, ఒక్కో భాగం మధ్యలో కోత లేకుండా ఒకే షాట్. పదమూడేళ్ళ జేమీ తోటి విద్యార్థిని కేటీని చంపిన కేసులో అరెస్టవుతాడు. బడికి వచ్చిన పోలీసు అధికారికి ఇన్‌స్టాగ్రామ్‌లో కేటీ రాసినవి స్నేహపు మాటల్లా కనిపిస్తాయి. ఆ అధికారి కొడుకు అదే బడిలో చదువుతున్నాడు. వాడు తండ్రిని పక్కకు తీసుకెళ్ళి ఆ మాటల్లోని ఎమోజీ బొమ్మల అర్థం చెబుతాడు. ఎర్ర మాత్ర అంటే ఏమిటి, వంద అంకె అంటే ఏమిటి. అవి స్నేహం కాదు, జేమీని ఏ అమ్మాయీ ఇష్టపడదన్న వెక్కిరింత. తండ్రి చూసిన తెరే కొడుకూ చూశాడు, ఇద్దరూ చదివినవి వేరు. ఆ దృశ్యం చూశాక తరగతిలో పిల్లల ముందు నిలబడితే నాకు నేలే కొత్తగా అనిపించింది. బ్రిటన్‌లో మాధ్యమిక పాఠశాలల్లో దాన్ని ఉచితంగా చూపించే ఏర్పాటు చేశారు.

మూడో భాగం చివర జేమీ తనను పరీక్షించడానికి వచ్చిన సైకాలజిస్టును ఏమడుగుతాడో గుర్తుందా? తనంటే ఆమెకు కాస్తయినా ఇష్టమా అని. హత్య కేసులో ఉన్న పిల్లవాడికి శిక్ష గురించిన దిగులు కన్నా ఆ జవాబు ముఖ్యమైంది. జూల్స్ ఆ చెరువు దగ్గరికి మోసుకెళ్ళింది అదే ప్రశ్న అనుకుంటాను. టైలర్ రోజూ "ఇష్టమే" అని రాసేవాడు. ఆ రాత్రి ఆ జవాబు వెనక్కి పోయింది.

గట్టు_మీద:
నాకు పందొమ్మిదేళ్ళు. ఇక్కడ చాలామందికి నేను కూతురి వయసు దాన్ని. కొంచెం గట్టిగా రాస్తున్నాను, మన్నించండి.

పెద్దవాళ్ళు ఈ కథను "ఫోనులో పరిచయాలు ప్రమాదం" అనే ఒక్క వాక్యంగా చదువుతారు. జూల్స్ చేసిన పొరపాటు ఏమిటో చెప్పండి. తనతో బాగా మాట్లాడినవాడితో తనూ బాగా మాట్లాడింది. స్కూల్లో ఎదురుపడితే ఆమెను మనిషిగా చూసేవాళ్ళు ఎందరు? ఆ యాప్‌లో ఆమె తనకు నచ్చినట్టు తాను ఉండగలిగింది. కొత్త బట్టలు తొడిగి అద్దం ముందు నిలబడితే, "బాగున్నావు" అన్న మొదటి గొంతు అతనిది. మీకు ఇంట్లో అమ్మమ్మ అనేది ఆ మాట. కొందరికి ఇంట్లో ఎవరూ అనరు.

రూ వాళ్ళ స్కూల్లోనే చదివే కాట్ కథ కూడా అంతే. బళ్ళో లావుగా ఉందని వెక్కిరింతలు, ఆన్‌లైన్‌లో మారుపేరుతో రాసే ఫ్యాన్ ఫిక్షన్‌కు వేలమంది పాఠకులు. ఒక వీడియో తన అనుమతి లేకుండా బయటికి వస్తే, సిగ్గుతో చచ్చిపోకుండా ముసుగు వేసుకుని కెమెరా ముందు కూర్చుంది. అది మంచిదని నేననడం లేదు, ఆమె మైనర్, డబ్బు పంపినవాళ్ళందరూ నేరస్థులే. కానీ ఆమెకు అందులో ధైర్యం దొరికిందన్నది కూడా నిజమే. సీరియల్ ఆ రెండు నిజాలనూ పక్కపక్కన పెట్టింది. రెండో సీజన్‌లో కాట్‌ను ఒక మూలన వదిలేశారు, అది నాకు ఇప్పటికీ కోపం.

రూ ఒకచోట పెద్దవాళ్ళతో నేరుగా అంటుంది: ఫోటోలు పంపుకోవడం మా కాలపు ప్రేమ పద్ధతి, సిగ్గుపడవలసింది మేము కాదు, వాటిని పోగేసి పంచుకునేవాళ్ళు. నేను ఆ పద్ధతిని సమర్థించను, నేనెప్పుడూ పంపలేదు. కానీ ఎవరిని నిలదీయాలో రూకు తెలుసు.

నల్లకోటు:
గట్టు_మీద గారూ, మీ కోపం న్యాయమైంది. వృత్తిరీత్యా ఒక మాట కలుపుతాను. ఆ చెరువు దగ్గర నేట్ చేతిలో కత్తి లేదు, తుపాకీ లేదు. అతని ఆయుధం చట్టం. "నువ్వు పంపిన ఫోటోలు నా దగ్గరున్నాయి, నువ్వు మైనర్‌వి, పిల్లల అశ్లీల చిత్రాలు పంపిణీ చేసిన నేరం నీ మీద పెట్టించగలను" అన్నట్టు బెదిరిస్తాడు. తన తండ్రి కాల్ ఒకసారి జూల్స్‌ను రహస్యంగా కలిసిన సంగతి ఆమె ద్వారా బయటికి పొక్కకూడదని ఇదంతా. అమెరికాలో పిల్లలను కాపాడడానికి రాసిన ఆ చట్టాల మాటలు అంత విశాలంగా ఉన్నాయి కాబట్టి, కొన్ని రాష్ట్రాలు తర్వాత మైనర్ల విషయంలో శిక్షలు తగ్గించుకున్నాయి. బాధితురాలిని నేరస్థురాలిగా నిలబెట్టగల అవకాశమే నేట్ బలం.

మన దేశంలో సంగతి అడుగుతారు కాబట్టి చెబుతాను. పోక్సో చట్టం 2012, ఐటీ చట్టం సెక్షన్ 67బి రెండూ పద్దెనిమిది లోపు వారి అలాంటి చిత్రాలకు వర్తిస్తాయి. అవి ఫోనులో దాచుకోవడం కూడా నేరం కిందికి వస్తుందని 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. వాటిని 'అశ్లీలం' అనే మాటతో పిలవవద్దని, అది పిల్లలపై జరిగిన దోపిడీ, వేధింపు అని తెలిసేలా పిలవాలని కూడా అంది. ఆ పేరు మార్పు నాకు చాలా ముఖ్యంగా తోచింది.

ఎవరైనా పిల్ల ఇలాంటి బెదిరింపులో ఇరుక్కుంటే, డబ్బు పంపకండి, సంభాషణ చెరిపేయకండి, మన దేశంలో పిల్లల సహాయ నంబరు 1098కి ఫోను చేయండి. 'టేక్ ఇట్ డౌన్' అని అమెరికాలోని ఒక బాలల రక్షణ సంస్థ నడిపే ఉచిత సేవ ఉంది. ఫోటో మీ ఫోను దాటి వెళ్ళదు. దాని నుంచి తయారైన ఒక అంకెల ముద్ర మాత్రమే వెళుతుంది. ఆ ముద్రతో సరిపోలే బొమ్మలను అందులో చేరిన వేదికలు వెతికి తొలగిస్తాయి.

పోస్టుకార్డు:
నాకు అరవై ఎనిమిదేళ్ళు. మనవడు పెట్టి ఇస్తే ఈ సీరియల్ మొదటి సీజన్ చూశాను, చాలాచోట్ల కళ్ళు మూసుకున్నాను. అయినా చెరువు దృశ్యం నాకు కొత్తగా అనిపించలేదు.

మా కాలంలో వారపత్రికల్లో 'కలం స్నేహం' అని శీర్షిక ఉండేది. పేరు, వయసు, అలవాట్లు, చిరునామా. నేను అనకాపల్లి చిరునామాకు ఒక ఉత్తరం రాశాను. జవాబు వచ్చింది. రెండేళ్ళు రాసుకున్నాం. నాన్నతో నా తగాదా, పరీక్ష తప్పడం, ఇంట్లో ఎవరికీ చెప్పనివి ఆ ఇన్‌లాండ్ కవర్లలో రాశాను. ఆ తర్వాత ఆ వైపు పెళ్ళికి వెళ్ళినప్పుడు ఇల్లు వెతుక్కుంటూ వెళితే తెలిసింది, ఆ పేరుతో రాసింది ఇద్దరు అక్కచెల్లెళ్ళు, ఒకరి తర్వాత ఒకరు. వాళ్ళు నాకే హానీ చేయలేదు. మంచి మాటలే రాశారు. కానీ బస్టాండు దాకా నడుస్తుంటే ఎవరో పోయినంత దుఃఖం వచ్చింది. నేను ఎవరితో స్నేహం చేశానో నాకు ఇప్పటికీ తెలియదు.

వేపచెట్టు అమ్మా, మీ పాప ఏడ్చింది ఆ పోయిన మనిషి కోసమేమో. నేట్ వచ్చినందుకు భయం ఒకటి. టైలర్ అనేవాడు ఇక లేడన్నది ఇంకొకటి. చనిపోతే ఏడవడానికి పదిమంది వస్తారు. ఎన్నడూ లేనివాడి కోసం ఏడిస్తే ఎవరు ఓదారుస్తారు?

తేడా ఒకటి ఉంది. నా ఉత్తరానికి జవాబు రావడానికి వారం పట్టేది. ఆ వారంలో అన్నం తినేవాణ్ణి, క్రికెట్ ఆడేవాణ్ణి, కోపం చల్లారేది. ఈ పిల్లలకు ఆ వారం లేదు.

రీలు_పెట్టె:
పోస్టుకార్డు గారూ, మీ ఉత్తరం చదివాక నా వాదన కొంత సవరించుకుంటున్నాను. ఆ మధ్యలో వారం లేకపోవడాన్ని సీరియల్ ఎడిటింగ్‌లోనే చూపించింది. జూల్స్ టైప్ చేస్తున్నప్పుడు అక్షరాలు తెర మీద తేలుతుంటే మనకూ ఊపిరి ఆడదు. మత్తు కోసం రూ పడే తపన, జవాబు కోసం జూల్స్ పడే తపన ఒకే లయలో కోశారు. మొదటి సీజన్ ఏడో భాగంలో రూ మంచం దిగలేక, బాత్రూముకు కూడా లేవలేక రియాలిటీ షో ఒకదాని తర్వాత ఒకటి చూస్తూనే ఉంటుంది. చివరికి కిడ్నీ ఇన్ఫెక్షన్‌తో ఆసుపత్రి పాలవుతుంది. అందులో మాత్రలు లేవు, తెర ఒక్కటే ఉంది.

రాత్రి_పాళీ:
ఆ పోలిక నిజమే, ఒక హెచ్చరికతో. ఫోను అలవాటును, ఓపియాయిడ్ వ్యసనాన్ని ఒకే గాటన కట్టవద్దు. రెండోదానిలో శ్వాస ఆగిపోతుంది. అమెరికాలో 2021లో ఓవర్‌డోస్ మరణాలు లక్ష దాటాయి, ఎక్కువ భాగం ఫెంటనిల్ లాంటి ఓపియాయిడ్ల వల్లే. రూకు సరుకు అమ్మే ఫెజ్‌కో పాత్ర వేసిన ఆంగస్ క్లౌడ్ కూడా 2023 జులైలో అలాగే పోయాడు, ఇరవై అయిదేళ్ళకే. రూకు ఇక నుంచి సరుకు ఇవ్వనని తలుపు మూసి, అవతల నిలబడి బాధపడిన ఆ ముఖాన్ని నేను మరచిపోలేను.

జూల్స్ గురించి పూర్తిగా తెలియాలంటే 2021 జనవరిలో వచ్చిన ఆమె ప్రత్యేక భాగం చూడండి. హంటర్ షేఫర్ స్వయంగా రచనలో పాలుపంచుకుంది. అంతా కౌన్సెలర్ ముందు కూర్చుని చెప్పడమే. అక్కడ తెలుస్తుంది జూల్స్ తల్లి కూడా వ్యసనపరురాలని. రూ మత్తు మానేసింది తన వల్లేనని అందరూ అనుకుంటుంటే, జూల్స్‌కు అది బరువు. నేను ఇటు తిరిగితే తను మళ్ళీ మొదలుపెడుతుందేమో అన్న భయం. వార్డులో భార్యలు, తల్లులు నాతో చెప్పే భయం అదే. టైలర్ దగ్గర ఆమెకు ఆ బరువు లేదు, ఎవరినీ బతికించాల్సిన పని లేదు. అందుకే వెళ్ళింది.

గట్టు_మీద:
ఆ చివరి రెండు వాక్యాలు రెండుసార్లు చదివాను. ఇది నాకు తట్టలేదు.

వేపచెట్టు:
అందరి మాటలూ చదివాను. ఆఫీసు నుంచి వచ్చాక మా అమ్మాయితో ఏమీ అడగకుండా, పోస్టుకార్డు గారి అనకాపల్లి కథ చెప్పాను. వింది. "ఆ తాతగారు మళ్ళీ ఎవరికైనా ఉత్తరం రాశారా?" అని అడిగింది. నాకు తెలియదన్నాను.

తర్వాత జూల్స్ భాగం పెట్టుకున్నాం. మొదట్లో కెమెరా జూల్స్ కంటికి అంత దగ్గరగా ఉంటుంది, ఆ కంట్లో రూ కదులుతూ కనిపిస్తుంది. అది అయ్యాక వెనక్కి తిప్పమంది. మళ్ళీ చూసింది. అప్పుడు చెప్పింది, తొమ్మిదో తరగతిలో ఒక డ్రాయింగ్ గ్రూపులో తనకొక స్నేహితురాలు ఉండేదట. తన బొమ్మలన్నీ మొదట ఆమెకే చూపించేదట. ఒకరోజు ఆ ఖాతా మాయమైంది. బతికుందో, వేరే పేరుతో ఉందో, అసలు అమ్మాయేనో కూడా తెలియదు. ఏడాదిన్నరగా నాకు చెప్పలేదు. ఆ ఏడాది బొమ్మలు వేయడం మానేసిందని నేను గమనించాను, చదువు ఒత్తిడి అనుకున్నాను.

ఆ స్నేహితురాలి పేరు అడిగాను. చెప్పింది. నిజం పేరు కాదు, అక్కడ వాడే పేరు. ఇక్కడ రాయను.

పోస్టుకార్డు గారూ, దయచేసి పాప ప్రశ్నకు జవాబు రాయండి.

పోస్టుకార్డు:
రాశానమ్మా. ఊరికి తిరిగి వచ్చిన నెలకు ఆ అక్కచెల్లెళ్ళకే రాశాను, ఈసారి ఇద్దరి పేర్లూ పెట్టి. చిన్నామె జవాబిచ్చింది. ఆ ఇన్‌లాండ్ కవరు ఇప్పటికీ నా దగ్గరుంది.